కొమురమ్మ వద్దన్న రోజు

పుప్పాలగూడ, హైదరాబాదు
23 ఏప్రిల్ 2011

వదినా,

నీకూ అన్నయ్యకూ ముందుగానే ఈస్టర్ వందనాలు. ఈ ఉత్తరం చీరాల చేరేసరికి పండగా అయిపోతుంది, నువ్వు చేసిన గారెలూ అయిపోతాయి. ఫోన్ చేద్దామంటే నీ చెవి సంగతి తెలిసిందే. నేను అరిచి చెబితే పక్క ఫ్లాటువాళ్ళకు అర్థమవుతుంది గాని నీకు కాదు. అందుకే ఈ రోజుల్లో కూడా కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. ఆఫీసులో ఎవరైనా చూస్తే మ్యూజియంలో పెడతారు.

ఇక్కడ వాతావరణం ఏమీ బాగోలేదు. మార్చిలో ట్యాంక్‌బండ్ మీద తెలంగాణ కోసం జరిగిన గొడవ దగ్గర్నుంచి మా గచ్చిబౌలి ఆఫీసు క్యాంటీన్‌లో బల్లలు కూడా రెండు ప్రాంతాలయ్యాయి. నేను నోరు తెరిస్తే నా యాస విని తల తిప్పుకునేవాళ్ళు ఒకరిద్దరున్నారు. పని దగ్గర ఏమీ అనరు. టీ దగ్గరే తేడా. ఈస్టర్ ముందరి ఈ శ్రమదినాల్లో ప్రతిరోజూ ఇదే ప్రార్థన చేశాను, ప్రభువా, ఈ రెండు మనసుల మధ్య నన్ను వాడుకో అని.

వాడుకున్నాడు వదినా. మొన్న గురువారం, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన రోజు కదా, మధ్యాహ్నం భోజనాల వేళ మా ప్రార్థన గుంపు మీటింగ్ రూములో కూడుకుంది. నేను ముందురోజే కొత్త ప్లాస్టిక్ టబ్బు, తెల్లని టర్కీ తువ్వాలు కొని పెట్టుకున్నాను. మా అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే కొమురమ్మ అని ఒకావిడ ఉంది. జనగామ వైపు మనిషి, యాభై దగ్గరుంటాయి, మా అపార్ట్‌మెంటు వెనక బస్తీలోనే ఉంటుంది. నా గొంతు బాగోకపోతే చెప్పకుండానే టీలో అల్లం వేసి తెస్తుంది. బల్ల తుడవడానికి వచ్చిన ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, టీం లీడర్నయిన నేను, ఆంధ్రాదాన్ని, నేల మీద కూర్చుని ఆవిడ కాళ్ళు కడిగాను. "వద్దమ్మా, వద్దమ్మా" అంటూనే ఉంది. నాకు ఒళ్ళు జలదరించింది. ప్రభువు కడగబోతే పేతురు కూడా ముందు వద్దనే కదా అన్నాడు! వద్దన్నకొద్దీ గట్టిగా పట్టుకుని కడిగాను. గదిలో అందరి కళ్ళలో నీళ్ళే. కొమురమ్మయితే తలెత్తలేదు.

ఈయనకు చెబితే మొదట అడిగిన మాట, "ఆవిణ్ణి అడిగావా?" అని. యేసు ప్రభువు శిష్యుల్ని అడిగి కడిగాడా అన్నాను. పేపరు తీసి చదువుకున్నాడు. సుధీర్ పాల్ గారి ఆత్మీయత పేపరు దాకానే.

ఒకమ్మాయి ఫోన్లో ఫొటో తీసింది, ప్రింటు వేయించి ఇందులో పెడుతున్నాను. ఇది ఎవరికీ చెప్పకు వదినా. చెప్పినా నా పేరు చెప్పకు. పేరు చెప్పాల్సి వచ్చినా గొప్పగా చెప్పకు. మహిమంతా దేవునికే.

అన్నయ్యను బీపీ మాత్రలు మానొద్దని చెప్పు.

నీ ఆడపడుచు,
సలోమి


చీరాల
5 మే 2011

సలోమీ,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఆవకాయ కలుపుతున్నాను. కారం చేతులతో చదవలేక మీ అన్నయ్యను చదవమంటే, ఆయన సగంలో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆవకాయ ఘాటు అంటున్నారు గాని నేను నమ్మను. చిన్నప్పుడు నీ కంచం నువ్వు కడుక్కోమంటే ఇల్లెగిరిపోయేలా ఏడ్చిన పిల్లవి, ఇంకొకరి కాళ్ళు కడిగావంటే దేవుడున్నాడనడానికి వేరే రుజువేం కావాలి?

ఎవరికీ చెప్పొద్దన్నావు. చెప్పలేదు, చదివాను. శుక్రవారం స్త్రీల సమాజంలో దీనత్వం మీద వర్తమానం ఇవ్వడం నా వంతు. నా దగ్గర ఏముంది చెప్పడానికి? అందుకని నీ ఉత్తరం మొత్తం చదివాను. నీ పేరు చెప్పలేదమ్మాయ్, "మా ఆడపడుచు" అన్నాను. నాకున్నది ఒక్క ఆడపడుచే అని ఊరందరికీ తెలిస్తే నేనేం చెయ్యను? మీ సుగుణమ్మత్త వెక్కి వెక్కి ఏడ్చింది. పాస్టరమ్మగారు ఉత్తరమూ ఫొటోనూ రెండూ పట్టుకెళ్ళారు, నలుగురికీ మేలు కలుగుతుందని.

ఇంతకీ ఆ కొమురమ్మ మన ప్రభువును తెలుసుకున్న మనిషేనా? రాయలేదు నువ్వు. మాణిక్యం గారబ్బాయి హైదరాబాదు వస్తుంటే రెండు ఆవకాయ సీసాలు పంపుతున్నాను. ఒకటి ఆవిడకివ్వు. వెల్లుల్లి వేశాను, తింటుందో లేదో కనుక్కో.

మీ పిల్లకు ముద్దులు.

కృపావతి


పుప్పాలగూడ
22 మే 2011

వదినా,

నువ్వు మామూలుదానివి కాదు. ఉత్తరం మొత్తం చదివేశావా? కంచం సంగతి కూడా చెప్పావా ఏమిటి? నాకెంత సిగ్గుగా ఉందో తెలుసా. ఎంతమంది వచ్చారు ఆ రోజు? పాస్టరమ్మగారు ఏమన్నారు, సరిగ్గా ఏ మాటన్నారు? ఊరికే అడుగుతున్నాను.

ఇక్కడ కూడా ఎలాగో తెలిసిపోయింది. మన వాళ్ళు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునే హాలులో పోయిన ఆదివారం పాస్టరుగారు నన్ను నిలబెట్టి సాక్ష్యం చెప్పమన్నారు. నేను వద్దు వద్దన్నాను, వినలేదు. ఇప్పుడు స్త్రీల సహవాసానికి నన్ను కార్యదర్శిని చేశారు. నేను తగనని చెప్పాను. తగననే మాటే తగినదానికి గుర్తు అన్నారాయన.

కొమురమ్మ కోసం నీ ఆవకాయ సీసా ఆఫీసుకు పట్టుకెళ్ళాను గాని ఇవ్వడం కుదరలేదు. సూపర్‌వైజరును అడిగి కింది అంతస్తుకు మార్పించుకుందట. లిఫ్టు దగ్గర ఒకసారి ఎదురైంది, నన్ను చూసి తల దించుకుని మెట్ల వైపు వెళ్ళిపోయింది. ఆ రోజు జరిగింది ఆవిడ మనసును బాగా తాకినట్టుంది వదినా. దేవుడు లోపల పని చేస్తున్నప్పుడు మనుషులు అలాగే ఉంటారు, మాట్లాడలేరు. ఇంకా ప్రభువును తెలుసుకోలేదు, కాని ఎక్కువ దూరంలో లేదు. నేను తొందరపెట్టను.

అల్లం టీ మాత్రం లేదు. కొత్తావిడ చక్కెర కుమ్మరిస్తుంది.

సలోమి


పుప్పాలగూడ
26 జూన్ 2011

వదినా,

వందనాలు తర్వాత. నిన్నెవరివ్వమన్నారు ఆ ఉత్తరం?

స్త్రీల సమాజం మాసపత్రిక జూన్ సంచిక నీకూ వచ్చే ఉంటుంది. మా చర్చికి పది వచ్చాయి. నడి పేజీలో నా ఫొటో. నేను కింద, కొమురమ్మ కుర్చీలో. దాని మీద పెద్ద అక్షరాలతో "ప్రభువు చెంతకు చేరిన తెలంగాణ సోదరి" అని వేశారు. ఆ మాట నేను రాయలేదు, నువ్వూ రాసి ఉండవు, కాని వేసేశారు. మా ఆరాధన హాలు వాచ్‌మన్ ఎల్లేశం కొమురమ్మ వాళ్ళ బస్తీలోనే ఉంటాడు. ఒక పత్రిక ఇంటికి పట్టుకెళ్ళాడు, బొమ్మ చూసి గుర్తుపట్టాడు. అంతే.

నిన్న పొద్దున్నే తలుపు కొడితే తీశాను. కొమురమ్మ, ఆమె కొడుకు స్వామి. అతను ఐటీ కంపెనీలకు క్యాబ్ నడుపుతాడు. చేతిలో ఆ పేజీ. లోపలికి రమ్మంటే గడప దాటలేదు.

"ఏందమ్మా గిది? నేనెప్పుడు గలిసిన మీ మతంల?" అంది.

అచ్చువాళ్ళ పొరపాటు అని ఏదో అన్నాను.

"అచ్చోళ్ళ సంగతి ఇడువు. నేను వద్దన్ననా లేదా? ఎన్నిసార్లు వద్దన్న? ఇన్నవా? నా కాలు వట్టుకొని గుంజినవ్. గంత మంది సార్లు, మేడంలు సూస్తుండిరి. లేశి పోదమంటే కొలువు పోతదని భయం. పండ్లు గిట్టగరుసుకొని కూసున్న. పగిలిన మడిమెలు, మైలవడ్డ మట్టెలు, గవన్నీ మీకు సూపెట్టుకుంట కూసున్న."

వదినా, ఆ రోజు నేను ఆ కాళ్ళు చూడనేలేదు. నా వెనక ఎవరు ఏడుస్తున్నారో వింటూ కడిగాను.

స్వామి, "పోదం పా అమ్మా, ఇగ చాలు" అంటున్నాడు. తోటి డ్రైవర్లు అతన్ని ఏడిపిస్తున్నారట, మేము ధర్నాల్లో కూసుంటే మీ ఇంట్ల ఆంధ్రోళ్ళతోని కాళ్ళు కడిగిచ్చుకుంటున్రా అని. కొమురమ్మ ఆగలేదు. "మా దాంట్ల ఆడిదాని కాళ్ళకు నీళ్ళు ఎప్పుడు పోస్తరో ఎరుకేనా నీకు? బోనమెత్తినప్పుడు పోస్తరు. అమ్మోరు మీదున్నదని పోస్తరు. ఊకె కుర్చీల కూసోవెట్టి కడుగుతరా?" అంది.

అసలు సంగతి అప్పుడు చెప్పింది. వాళ్ళ కూతురు లతకు పోయినేడు కాన్పు కష్టమై, దవాఖానలో తల్లీబిడ్డా దక్కుతారో లేదో అన్నప్పుడు కొమురమ్మ పోచమ్మకు మొక్కుకుందట, వచ్చే ఆషాఢంలో బోనమెత్తుతానని. ఇప్పుడు బస్తీ పెద్దమనిషి ఓదెలు, కిరస్తానంలో కలిసినదాని బోనం అమ్మవారి ముందు దించనివ్వం అంటున్నాడు. మొక్కు తీరకపోతే ఆ పసిదానికి ఏమవుతుందోనని ఆమెకు నిద్ర లేదు. "నా మన్మరాలికి ఏమన్నయితే నీ దేవుడు జిమ్మేదారా?" అని అడిగి వెళ్ళిపోయింది.

నేను ఎవరికీ చెప్పకు అన్నాను వదినా. తెలుగులోనే రాశాను. నీ వర్తమానం బాగా రావాలని ఒక పేదరాలి పరువు తీశావు.

సలోమి


చీరాల
2 జూలై 2011

సలోమికి,

నీ ఉత్తరం చదివాక రెండు పూటలు అన్నం సహించలేదు. మూడో పూట కోపం వచ్చింది, దాంతో ఆకలీ వచ్చింది. తిని రాస్తున్నాను.

తప్పు చేశాను. ఒప్పుకుంటున్నాను. నీ ఉత్తరం నీ అనుమతి లేకుండా పాస్టరమ్మగారి చేతిలో పెట్టాను. ఆ శీర్షిక నేను పెట్టలేదు, పత్రికవాళ్ళు పెట్టారు, అయినా దారి వేసింది నేనే. కాని తిలాపాపం తలా పిడికెడు అమ్మాయ్. నువ్వు వద్దన్న తీరు చూస్తే చెప్పమన్నట్టే ఉంది. చెప్పకు, చెప్పినా పేరొద్దు, పేరు చెప్పినా గొప్పగా వద్దు అని మెట్టుమెట్టుగా దిగి వచ్చావు. రహస్యానికి ఫొటో ఎందుకు? ప్రింటు వేయించి పంపడమెందుకు? నేను చదివానని రాస్తే ఎంతమంది వచ్చారని అడిగావే గాని, ఎందుకు చదివావని అడగలేదు. నువ్వలా అడిగిన ఉత్తరం ఇప్పుడూ నా బైబిల్లో ఉంది, కావాలంటే పంపుతాను చూసుకో.

ఇంత రాశాక నాకే ఏడుపొచ్చింది. కొమురమ్మ వద్దందని నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు కదా. నలభైమంది ఆడవాళ్ళకు గట్టిగా చదివి వినిపించాను ఆ మాట. ఒక్కరం కూడా ఆగలేదు. అందరం పేతురే అనుకున్నాం.

సరే, అయిందేదో అయింది. చేతులు కట్టుకుని కూర్చుంటే పోయే పని కాదు. నువ్వూ మీ ఆయనా కలిసి వాళ్ళింటికి వెళ్ళండి. వట్టి చేతులతో వెళ్ళకు. పార్సిల్లో ఒక చీర పంపుతున్నాను, మన చీరాల నేతది, మీ అన్నయ్య రిటైర్మెంటు సభకు నేను కట్టుకుందామని దాచుకున్నది, మడత విప్పలేదు. పళ్ళు కొను. కూర్చుని, నింపాదిగా, క్షమాపణ అడుగు. కూర్చోమనకపోయినా అడుగు.

నీమీద కోపం పోలేదు. అలాగని చీర పంపకుండా ఉండలేను.

మీ వదిన


పుప్పాలగూడ
11 జూలై 2011

వదినా,

నువ్వు రాసిందంతా నిజమే. జరిగింది రాస్తాను.

మొన్న రెండు రోజులు బంద్, కాలు బయటపెట్టలేదు. నిన్న ఆరాధన కాగానే ఆ బట్టల్తోనే వాళ్ళింటికి వెళ్ళాం. అదీ ఒక తప్పే. నేను తెల్ల చీరలో, ఈయన చంకలో బైబిలుతో, కారు సందులో పట్టక మధ్యలో ఆపి దిగాం. పిల్లలు చుట్టూ చేరారు. "చర్చోళ్ళొచ్చిన్రు" అని ఎవరో కేకేశారు. కలిసిందో లేదో అని ఇంకా అనుమానంగా ఉన్నవాళ్ళకు కూడా మేం అనుమానం తీర్చేశాం.

కొమురమ్మ మంచం వేసింది, మంచినీళ్ళిచ్చింది. వాళ్ళాయన నర్సయ్య అరుగు మీద బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. ఒక టవరు దగ్గర సెక్యూరిటీ పని, ఆ రోజు సెలవు. నేను పళ్ళు ఆమె చేతిలో పెట్టి, చీర కవరు విప్పి ఒళ్ళో పెట్టాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నర్సయ్య బీడీ నోట్లోంచి తీసి, "నేనింక సావలే గదమ్మా" అన్నాడు.

తెల్ల చీర వదినా. సన్నంచు తెల్ల చీర. మన ఇళ్ళలో మంచి చీరంటే తెల్లదే. పెళ్ళికి తెలుపు, బాప్తిస్మానికి తెలుపు, ఆదివారానికి తెలుపు. నువ్వు మడత విప్పకుండా దాచుకున్నదీ తెల్లదే. పార్సిల్ విప్పి చూసి ఎంత బాగుందో అనుకున్నాను గాని, మొగుడు బతికున్న ఆడమనిషి ఒళ్ళో, మొగుడి ఎదురుగా పెడుతున్నానని ఒక్క క్షణం తోచలేదు. తెలియక కాదు. ఇక్కడ ఇన్నేళ్ళున్నాను, ఎవరి ఇంట్లో ఏం కడతారో తెలియదా? తెలుసు. వాళ్ళ గురించి ఆలోచించలేదు, అంతే. పైగా పక్కింటావిడ, "సూసినవా, నీళ్ళల్ల ముంచెటప్పుడు కట్టే చీర తెచ్చిన్రు" అని ఇంకొకావిడతో అంది. తల కొట్టేసినట్టయింది.

ఈయన చీర మడిచి చంకలో పెట్టుకున్నాడు. నేను ఏడ్చాను. కొమురమ్మ ఓదార్చలేదు. "నువ్వు ఏడిస్తే మళ్ళ నేనే చెడ్డదాన్నయిత. ఏడువకు" అంది.

తర్వాత నెమ్మదిగానే చెప్పింది. "నాకు చీరొద్దు, పండ్లొద్దు. పదిమందిల కడిగినవ్ గదా, పదిమందిల జెప్పు. ఇరవై నాలుగు తారీఖు ఐతారం మా బోనాలు. గుడి ముంగట అందరుంటరు. ఈమె మా మతంల కలువలే, వద్దంటున్నా నేనే ఇనలేదు అని జెప్పు. ఓదెలు ఇంటడు. గంతకంటె నాకేం వద్దు."

వస్తానని అనలేకపోయాను వదినా. చూస్తానన్నాను. ఆ మాటకు ఆమె ముఖం ఎలా అయిందో రాయలేను.

అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. పోచమ్మ గుడి ముందు నిలబడ్డానని తెలిస్తే పాస్టరుగారు ఊరుకోరు, కార్యదర్శి పదవి సంగతి సరేసరి. సందు మొదట్లోనే జై తెలంగాణ జెండాలున్నాయి, అక్కడ నా యాసలో నోరు తెరవాలి. కాని ఇవి సాకులని నాకు తెలుసు. నన్నెవరో కొడతారని భయం కాదు. పదిమందిలో నేను చిన్నదాన్నయిపోతాను, అదీ భయం. నేల మీద కూర్చుని కాళ్ళు కడిగినప్పుడు ఈ భయం లేదు. అప్పుడు నేను పెద్దదాన్నవుతున్నానని లోపల తెలుసు కాబోలు.

ఏం చెయ్యమంటావు? త్వరగా రాయి.

సలోమి


చీరాల
17 జూలై 2011

సలోమీ,

చీర సంగతి చదివి రోజంతా నా మొహం నాకే చూపించుకోలేకపోయాను. నీకు తోచలేదన్నావు, పంపిన దాన్ని నాకు మాత్రం తోచిందా? బళ్ళో ముప్ఫయ్యేళ్ళు అందరి పిల్లలకూ చదువు చెప్పాను. వాళ్ళ అమ్మలు ఏం కట్టుకుని వచ్చేవారో రోజూ చూశాను. చూడటం అంటే ఏమిటో ఇప్పుడు అర్థమవుతోంది.

నీ ఉత్తరం మీ అన్నయ్యకు చదివి వినిపించాను. విగ్రహం ముందుకు వెళ్ళడానికి వీల్లేదని గట్టిగా చెప్పమన్నారు. కావాలంటే ఆ ఓదెలు గారినే ఇంటికి పిలిచి చెప్పమను, వాళ్ళ పండగలో దీనికేం పని అన్నారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఒక సామెత కూడా వేశారు. వేశాక ఆయనకే ఇబ్బందయింది, లేచి పెరట్లోకి వెళ్ళారు. ఆయన చెప్పమన్నది చెప్పాను. నా బాధ్యత అయింది.

ఇక నా మాట. శుక్రవారం సమాజంలో లేచి నిలబడ్డాను. మాసపత్రికలో వేసింది అబద్ధం, ఆ తల్లి మనలో కలవలేదు, కాళ్ళు కడగొద్దని మొత్తుకుంది, నేను ఎవరినీ అడక్కుండా ఉత్తరం ఇచ్చాను అని చెప్పాను. ఎవరూ ఏడవలేదు ఈసారి. పాస్టరమ్మగారు, "ఇలాంటివి బయటపెడితే సాక్ష్యం చెడిపోతుంది కృపావతిగారూ" అన్నారు. ఉన్నది చెబితే చెడిపోయే సాక్ష్యం మనకెందుకండీ అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, చెవి వినపడనిదాన్ని కదా, నా గొంతు నాకు తెలియదు. వచ్చే సంచికలో సవరణ వేయమని కాగితం రాసిచ్చాను. వేస్తారో లేదో తెలియదు. ఇంటికి వచ్చేటప్పుడు రోజూ నాతో నడిచే సుగుణమ్మత్త ఈసారి ముందే వెళ్ళిపోయింది.

ఇది చెప్పడం గొప్పకు కాదు. చెప్పాక ఏమవుతుందో నీకు తెలియాలని. తేలిగ్గా అవుతుందనుకున్నాను, కాలేదు.

వెళ్ళమని నేను అనను. నాకంత ధైర్యం లేదు. కాని గుడి ముందు నిలబడటం వేరు, మొక్కడం వేరు. ఆ తేడా మనుషులకు తెలియకపోవచ్చు, దేవుడికి తెలుస్తుంది. తెల్ల చీర మాత్రం కట్టుకోకు.

నువ్వు వెళ్ళినా వెళ్ళకపోయినా నా ఆడపడుచువే.

కృపావతి


పుప్పాలగూడ
25 జూలై 2011

వదినా,

వెళ్ళాను.

నిన్న ఆరాధన అయ్యాక పాస్టరుగారికి ముందే చెప్పాను, సాయంత్రం ఫలానా చోటికి వెళ్తున్నానని. ఆయన సహవాసం లెక్కలు, తాళాలు వేరేవాళ్ళకు అప్పజెప్పమన్నారు. కోపంగా కాదు. ఇచ్చేశాను. ఈయన కూడా వస్తానన్నాడు. బైబిలు ఇంట్లో పెట్టి, కారు వద్దని ఇద్దరం నడిచే వెళ్ళాం. ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. సందు దాకా వచ్చాక ఈయన్ను అక్కడే ఉండమన్నాను.

గుడి అంటే చిన్న గదే, సున్నం, పసుపు, వేపమండలు. జనం కిక్కిరిసి ఉన్నారు. డప్పులు గుండెల్లో మోగుతున్నాయి. సందు చివర ఆడవాళ్ళు బోనాలతో వరస కడుతున్నారు. కొమురమ్మ వరసలో లేదు. బోనం సిద్ధం చేసుకుని, నెత్తికెత్తుకోకుండా, ఒక గోడ పక్కన నిలబడి ఉంది. కుండకు పసుపు రాసి, పైన దీపం పెట్టి ఉంది. పక్కన కూతురు లత, చంకలో పసిపాప. నేను వస్తానో రానో తెలియకుండానే వాళ్ళు అంతా సిద్ధం చేసుకుని నిలబడ్డారు వదినా. నేను చూస్తానన్న మాట మీద.

స్వామి ఓదెలు దగ్గరకు తీసుకెళ్ళాడు. పెద్దాయన, నెత్తికి తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. చెయ్యెత్తి డప్పు ఆపించాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను ఎన్నోసార్లు అనుకుని పెట్టుకున్న మాటలు చెప్పాను. నా పేరు సలోమి, ఆఫీసులో కొమురమ్మగారు కాళ్ళు కడగొద్దని చెప్పినా వినకుండా నేను కడిగాను, ఆమె మా మతంలో కలవలేదు, పత్రికలో పడింది అబద్ధం, తప్పంతా నాది అని. మాటలు పూర్తిగానే వచ్చాయి. వెనక ఎవరో "ఆంధ్రామె" అన్నారు. ఇంకెవరో "ఊకోరా, జెప్పనియ్యి" అన్నారు. అయిపోయిందనుకున్నాను. చేతులు జోడించి వెనక్కి తిరగబోయాను.

ఓదెలు అడిగాడు, "మంచిగున్నది. మరెందుకు గడిగినవమ్మా?"

తిట్టినట్టు కాదు. ఎకసెక్కం కూడా కాదు. నిజంగానే తెలియక అడిగాడు. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు కదా ఇన్నాళ్ళూ, నువ్వూ, ఈయనా, పాస్టరుగారూ. ప్రేమతో అందామనుకున్నాను. మా ప్రభువు చేసి చూపించాడు గనక అందామనుకున్నాను. ఆయన పేరు ఆ పనికి అడ్డం పెట్టడానికి నోరు రాలేదు. లత చంకలో పాప డప్పు వైపే చూస్తోంది. అందరూ ఎదురు చూస్తున్నారు.

"అందరూ నన్ను మంచిదాన్ననుకోవాలని" అన్నాను.

ఎవరో నవ్వారు. మరొకరు నవ్వు ఆపుకున్నారు. ఓదెలు తువ్వాల కింద తల గోక్కుని, "గంతేనా?" అన్నాడు.

"అంతేనండీ."

"అయితే అయిపాయె" అని, కొమురమ్మ వైపు తిరిగి, "ఎత్తుకో బిడ్డా, పొద్దువోతుంది" అన్నాడు. ఇద్దరాడవాళ్ళు కుండ పట్టి ఆమె నెత్తిన పెట్టారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఇంకా ఏదో ఉంటుందని, ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని ఎదురుచూస్తున్నానో ఏమో. ఓదెలు నా వైపు చూసి, "ఇగ జర పక్కకు జరుగమ్మా, తొవ్వల నిలవడ్డవ్, బోనాలొస్తున్నయ్" అన్నాడు.

నిజమే, సరిగ్గా దారి మధ్యలో ఉన్నాను. గోడ వైపు జరిగాను. డప్పులు మళ్ళీ అందుకున్నాయి. ఇళ్ళ ముందు ఆడవాళ్ళు బోనాలెత్తినవాళ్ళ కాళ్ళకు పోయడానికి బిందెలతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు. కొమురమ్మ నా ముందు నుంచే నడిచి వెళ్ళింది, కళ్ళు అమ్మవారి గుడి మీదే. నేనున్నానని తెలుసో తెలియదో. చేతులు నెత్తిన కుండకు, పెదవులు ఏదో అంటున్నాయి, చెంపల మీద పసుపు చెమటకు కారుతోంది. ఆ ముఖం నేను ఎప్పుడూ చూడలేదు వదినా. ఇన్నేళ్ళు నాకు టీ తెచ్చిన మనిషి.

నా పక్కన బిందె పట్టుకున్న ఒకావిడ మోచేత్తో నన్ను తట్టి, "జర ఇంకింత జరుగమ్మా, మాకు అందుతలేదు" అంది.

ఇంకాస్త జరిగాను.

సలోమి